నాట్ హెరెషాఫ్: వేళ్ళతో పడవలు చూసిన అన్నదమ్ముల కథ

మాది మార్కాపురం. సముద్రం చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి. మాకు పెద్ద నీళ్ళంటే కంభం చెరువే. గుండ్లకమ్మకు కొండల మధ్య కట్ట వేసి విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువది. వానలు సరిగ్గా పడిన ఏడు కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనపడదు. పడనప్పుడు మాత్రం అందులో గొర్రెలు మేస్తుంటాయి. అలాంటి ఊరివాడు రేసు పడవలు కట్టిన మనిషి గురించి రాయడమేంటని మీకు డౌటు రావచ్చు. కారణం మా తాత బొటనవేలు.

సెకండియర్లో టెక్ ఫెస్టుకి మా బ్యాచ్ నలుగురం ఒక రిమోట్ పడవ చేశాం. డిజైనంతా నాదే. సాలిడ్‌వర్క్స్‌లో గీసి, థర్మోకోల్ పలకలు కోసి, అతికించి, పైన రెజిన్ పూత పూశాం. స్క్రీన్ మీద అద్భుతంగా ఉంది. నీళ్ళలో వదిలితే ఎడమకి లాగడం మొదలుపెట్టింది. మూడో మలుపులో పక్కకి ఒరిగి, అందరూ చూస్తుండగా మునిగింది. మోటారు బాగోలేదని జూనియర్లకి చెప్పుకున్నా. సంక్రాంతి సెలవులకి దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చా.

మా తాత నలభై ఏళ్ళు పలకల పనిలో ఉన్నాడు. మీలో చాలామంది అక్షరాలు దిద్దిన పలక మా మార్కాపురం రాయే అయ్యుంటుంది. క్వారీ నుంచి వచ్చిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, నున్నగా రుద్ది, చెక్క ఫ్రేము బిగించేవాళ్ళు. ఇప్పుడు ఆ పని బాగా తగ్గిపోయింది. తాతకి చూపు కూడా తగ్గిపోయింది. ఆయన నా పడవని ఒళ్ళో పెట్టుకుని, రెండు వైపులా రెండు బొటనవేళ్ళు ఆనించి ముందు నుంచి వెనక్కి ఒకసారి జరిపాడు. కుడివైపు పొట్ట ఎక్కువుందన్నాడు. నేను నమ్మలేదు. వెర్నియర్ పెట్టి కొలిచాను. నాలుగు మిల్లీమీటర్లు తేడా.

ఆ రాత్రి, పడవని చేత్తో తడిమి తప్పు పట్టుకునేవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారా అని వెతికాను. అట్లా దొరికారు అమెరికాలోని బ్రిస్టల్ అనే చిన్న ఊరి అన్నదమ్ములు, జాన్ హెరెషాఫ్, నథానియల్ హెరెషాఫ్. ఈ కథ ముఖ్యంగా తమ్ముడిది. లోకం ఆయన్ని కెప్టెన్ నాట్ అనీ, బ్రిస్టల్ మాంత్రికుడనీ పిలిచింది.

నాట్ 1848 మార్చి 18న పుట్టాడు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, సముద్రపు పాయ ఒడ్డున వాళ్ళ పొలం. తొమ్మిది మంది పిల్లల్లో ఏడోవాడు. వాళ్ళ నాన్నకి పడవల పిచ్చి. తన కోసం కట్టుకున్న పడవలకి ఒకదాని తర్వాత ఒకటి భార్య పేరే పెట్టుకున్నాడు, జూలియా అని. ఆ ఇంట్లో పెద్ద కష్టం కళ్ళది. వంశంలోనే ఏదో లోపం ఉండేది, ఒకరి తర్వాత ఒకరికి చూపు పోయేది. నాట్ కంటే ఏడేళ్ళు పెద్దవాడైన అన్న జాన్‌కి పదిహేనేళ్ళు వచ్చేసరికి పూర్తిగా చీకటే.

జాన్ మాత్రం పడవలు కట్టడం ఆపలేదు. చెక్క మీద చేతులు పెట్టి వంపు తెలుసుకునేవాడు. కొలతలు చదవడానికి, చుక్కాని పట్టడానికి, గాలి ఎటు తిరిగిందో చూసి చెప్పడానికి తమ్ముడు కావాలి. ఆడుకునే వయసులో నాట్ అన్నకి కళ్ళయ్యాడు. 1860లో, నాట్‌కి పన్నెండేళ్ళప్పుడు, ఇద్దరూ నాన్న సాయంతో స్ప్రైట్ అనే చిన్న తెరచాప పడవ కట్టారు. అది ఇప్పటికీ ఉంది, బ్రిస్టల్‌లోని హెరెషాఫ్ మ్యూజియంలో.

నాట్ పద్ధతి అక్కడే పుట్టిందని నాకనిపిస్తుంది. ఆయన పడవని ముందు కాగితం మీద గీసేవాడు కాదు. మెత్తటి చెక్క దిమ్మె తీసుకుని పడవలో సగాన్ని, అంటే నిలువుగా రెండుగా కోస్తే వచ్చే ఒక పక్కని, చిన్న స్కేల్లో చెక్కేవాడు. దాన్నే హాఫ్ మోడల్ అంటారు. రెండో పక్క ఎలాగూ అద్దంలో బొమ్మే కాబట్టి ఒక్క పక్క చాలు. చెక్కుతూ, వేళ్ళతో తడుముతూ, వెలుతురుకి ఎత్తి నీడ ఎట్లా పడుతుందో చూస్తూ సరిచేసేవాడు. తర్వాత అన్న చేతికిచ్చేవాడు. కళ్ళున్నవాడు దాటేసిన ఎత్తుపల్లాన్ని కళ్ళు లేనివాడి వేళ్ళు పట్టుకునేవి. ఇద్దరికీ నచ్చాక, తాను సొంతంగా చేసుకున్న ఒక పరికరంతో ఆ మోడల్ మీద వరసగా కొలతలు తీసి పుస్తకంలో రాసేవాడు. ఆ అంకెల పట్టికే వర్క్‌షాపుకి వెళ్ళేది. పడవలో ఎన్ని పక్కటెముకలుంటే అన్ని అచ్చులు చేసి, వాటి మీద పడవని బోర్లించి కట్టేవాళ్ళు. మనం క్యాడ్ ల్యాబులో మోడల్ చేసి, కోఆర్డినేట్లు తీసి, మెషిన్‌కి పంపిస్తాం చూడండి, వరస అదే. కాకపోతే ఆయన సాఫ్ట్‌వేర్ ఒక చాకు.

చాకు పట్టాడు కదా అని చదువు లేనివాడనుకోకండి. 1866లో ఎం.ఐ.టి.లో చేరాడు. ఆ కాలేజీలో పాఠాలు మొదలై అప్పటికి ఏడాదే. మూడేళ్ళ మెకానికల్ ఇంజనీరింగ్ కోర్సు చదివాడు. అక్కడున్నప్పుడే పడవ పందేల కోసం ఒక లెక్కల పట్టిక తయారు చేశాడు. పెద్ద పడవ సహజంగానే చిన్నదానికంటే వేగంగా పోతుంది. మరి రెండూ ఒకే పందెంలో దిగితే ఎవరికెంత సమయం రాయితీ ఇవ్వాలి? పడవ సైజుని, పందెం దూరాన్ని బట్టి ఆ రాయితీని లెక్కగట్టే పట్టిక అది. యాట్ క్లబ్బులు దాన్ని చాలా ఏళ్ళు వాడుకున్నాయి.

చదువయ్యాక ప్రావిడెన్స్‌లోని కార్లిస్ ఆవిరి యంత్రాల కంపెనీలో ఉద్యోగం. 1876లో అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్ళయిన సందర్భంగా ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన పెట్టారు. అక్కడ యంత్రాలన్నిటినీ తిప్పింది 1,400 హార్స్‌పవర్ కార్లిస్ ఇంజను. దాని దగ్గర నిలబడి చూసుకున్న ఇంజనీరు మన నాట్. వయసు ఇరవై ఎనిమిది.

అదే ఏడు ఆయన ఇంకో పని చేశాడు. అమరిల్లిస్ అని రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన బిగించిన కాటమరాన్ కట్టి న్యూయార్క్ పందెంలో దింపాడు. ఆ మాట మన పక్కదే, తమిళంలో కట్టుమరం. మన తూర్పు తీరం జాలర్లు దుంగలు కట్టి సముద్రంలోకి పోయే తెప్ప పేరు అట్లా లోకమంతా తిరిగింది. అమరిల్లిస్ మిగతా పడవలన్నిటినీ వెనకేసి గెలిచింది. గెలిచాక జరిగిందేంటంటే, ఇట్లాంటివి మా పందేల్లో ఒద్దని అడ్డం పెట్టారు. 2013లో, 2017లో అమెరికాస్ కప్ ఆడింది కాటమరాన్ల మీదే. అంత ముందు చూశాడాయన.

1878లో అన్నదమ్ములిద్దరూ కలిసి హెరెషాఫ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టారు. బేరాలు, ఖర్చులు, మనుషులతో మాటలు అన్నవి. డిజైను, వర్క్‌షాపు తమ్ముడివి. జాన్ పెద్ద పెద్ద లెక్కలు మనసులోనే వేసి పడవ ధర చెప్పేవాడట. నాట్ మాట్లాడేదే తక్కువ. మొదటి పదేళ్ళూ వాళ్ళకి పేరు తెచ్చింది తెరచాపలు కాదు, ఆవిరి. తేలికైన బాయిలర్లు, సన్నటి పడవలు. 1885లో స్టిలెట్టో అనే వాళ్ళ ఆవిరి పడవ హడ్సన్ నది మీద అప్పట్లో మహా వేగమైందని పేరున్న మేరీ పావెల్ అనే స్టీమర్‌ని ఓడించింది. తర్వాత అమెరికా నేవీ దాన్ని కొనుక్కుంది. నేవీకి నంబర్ వన్ టార్పెడో బోటైన కుషింగ్ కూడా వీళ్ళ దగ్గర్నుంచే వెళ్ళింది.

ఇక్కడ ఒక చెడ్డ రోజు గురించి చెప్పాలి. 1888లో సే వెన్ అనే 138 అడుగుల ఆవిరి పడవకి వేగ పరీక్ష చేస్తున్నారు. పర్యవేక్షణ నాట్‌దే. బాయిలర్లో ఒత్తిడి పెరిగింది. సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటే, అనుకున్న వేగం అందుకోవాలని నాట్ దాన్ని మూసేశాడు. బాయిలర్ పగిలి సిబ్బందిలో ఒకతను చనిపోయాడు. నాట్ స్టీమ్ ఇంజనీర్ లైసెన్సు పోయింది.

థర్మల్ ల్యాబులో సేఫ్టీ వాల్వ్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, రికార్డు మీద సంతకం పెట్టించుకుని వచ్చేస్తాం. ఆ బొమ్మ వెనక ఒక మనిషి ప్రాణం ఉంటుందని నాకు ఈ కథ చదివేదాకా తట్టలేదు. ఫెస్టులో నా పడవ మునిగితే పోయింది పరువు మాత్రమే. ఆ పరువు కోసం తప్పు మోటారు మీదికి నెట్టాను. ఆయన ముందున్నది అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది, దాన్ని దేని మీదికీ నెట్టే వీల్లేదు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. ఎం.ఐ.టి. చదువు, కార్లిస్ అనుభవం, అన్నీ ఆవిరి వైపువే. కంపెనీ ఆవిరి పడవలు కట్టడం మానెయ్యలేదు గానీ, ఆయన మనసు మెల్లగా చిన్నప్పటి తెరచాపల వైపు తిరిగింది.

ఆ మళ్ళింపులోంచి 1891లో గ్లోరియానా వచ్చింది. అప్పటిదాకా పడవ ముక్కు నీళ్ళని నిలువుగా కోసేలా కట్టేవాళ్ళు. నాట్ ముక్కుని ముందుకు వాల్చి, నీటికి పైన పొడవుగా చాపాడు. ఎందుకంటారా? నీళ్ళని తోసుకుంటూ పోయే పడవకి ఎంత వేగం సాధ్యమనేది నీటిని తాకే పొడవు మీద ఆధారపడుతుంది. పందెం రూల్సేమో పడవ నిటారుగా, కదలకుండా నిలబడి ఉన్నప్పుడే ఆ పొడవు కొలుస్తాయి. గాలికి పడవ ఒరిగిందనుకోండి, బయటికి చాచిన ముక్కూ తోకా కూడా నీళ్ళలోకి దిగుతాయి. అంటే కొలిచేటప్పుడు పొట్టిది, పరిగెత్తేటప్పుడు పొడుగుది. గ్లోరియానా ఆ సీజన్లో ఎనిమిది పందేలు ఆడి ఎనిమిదీ గెలిచింది.

ఇక అమెరికాస్ కప్. 1851లో అమెరికా అనే పడవ ఇంగ్లండు పోయి వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో గెలుచుకొచ్చిన వెండి కూజా అది. దాన్ని న్యూయార్క్ యాట్ క్లబ్ 1983 వరకు, నూట ముప్ఫై రెండేళ్ళు వదల్లేదు. అందులో 1893 నుంచి 1920 దాకా జరిగిన ఆరు పోటీల్లోనూ దాన్ని కాపాడింది నాట్ డిజైన్లే. 1893లో విజిలెంట్, 1895లో డిఫెండర్, 1899లోనూ 1901లోనూ కొలంబియా, 1903లో రిలయన్స్, 1920లో రిజల్యూట్. మొదటిదాని చుక్కాని తానే పట్టాడు కూడా.

ఎదుటి పక్షం పేరు మీ అందరికీ తెలుసు, టీ ప్యాకెట్ మీద చూసుంటారు. సర్ థామస్ లిప్టన్. గ్లాస్గోలో చిన్న కొట్టుతో మొదలుపెట్టి సిలోన్ టీ తోటల దాకా ఎదిగిన వ్యాపారి. షామ్‌రాక్ అనే పేరుతో ఐదు పడవలు కట్టించి ఐదుసార్లు కప్పు కోసం వచ్చాడు. ఐదుసార్లూ ఓడాడు. మొదటి నాలుగు ఓటములూ నాట్ పడవల చేతిలోనే. ఆ నవ్వుమొహం మనిషి మీద అమెరికా జనానికి ఎంత అభిమానమంటే, 1930లో చివరిసారి ఓడినప్పుడు వాళ్ళే చందాలేసుకుని ఆయనకి వేరే బంగారు కప్పు చేయించి ఇచ్చారు. 1901లో ఇంకో తమాషా. నాట్ అప్పటికి కొత్తగా కాన్‌స్టిట్యూషన్ అనే పడవ కట్టాడు. అర్హత పందేల్లో దాన్ని తన పాత పడవ కొలంబియానే ఓడించి మళ్ళీ కప్పు పోటీకి వెళ్ళింది. మాంత్రికుడి లెక్క కూడా ఒక్కోసారి తప్పుతుంది.

డిఫెండర్ సంగతి ఫస్టియర్ కెమిస్ట్రీ చదివినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. బరువు తగ్గించాలని నాట్ లోపలి ఎముకలు ఉక్కుతో, నీటి కింద భాగం కాంస్యంతో, నీటి పైన భాగం అల్యూమినియంతో కట్టాడు. చుట్టూ ఉప్పునీరు. మూడు లోహాలు, ఒక ఎలక్ట్రోలైటు. ఇంకేముంది, గాల్వానిక్ కరోజన్. పడవే పెద్ద బ్యాటరీ అయి తనని తాను తినడం మొదలుపెట్టింది. 1895 పందేలు గెలిచింది. 1901కల్లా విడగొట్టేశారు.

1903 నాటి రిలయన్స్‌ని చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. ముందు కొయ్య చివర్నుంచి వెనక దూలం చివరిదాకా 201 అడుగులు. తెరచాప కొన నీటికి పైన 199 అడుగులు, అంటే ఇరవై అంతస్తుల మేడంత. తెరచాపల వైశాల్యం 16,160 చదరపు అడుగులు. మన లెక్కలో చెప్పాలంటే 37 సెంట్ల స్థలం గాలిలో పరిచినట్టు. దాన్ని నడపడానికి 64 మంది. తాళ్ళు లాగే వించ్‌లని డెక్ కింద దాచాడు. రెండు స్పీడ్ల గేర్లున్న ఆ వించ్‌లు అంత బాగా కుదిరాయంటే, తర్వాత వచ్చిన కప్పు పడవల్లోకీ వాటినే మార్చి వాడుకున్నారు. లిప్టన్ మూడో షామ్‌రాక్‌ని రిలయన్స్ వరసగా మూడు పందేల్లో ఓడించింది. ఆఖరి పందెంలోనైతే పాపం ఆ పడవ పొగమంచులో దారి తప్పి గెలుపు గీత దగ్గరికే రాలేకపోయింది.

మరి అంత గొప్ప రిలయన్స్ ఇప్పుడెక్కడుంది? లేదు. ఒక్క వేసవి ఆడింది. ఒడ్డున పెట్టారు. 1913లో పాత ఇనుము కింద ముక్కలు చేశారు. ఆ పడవ అట్లాంటి ఒక్క పందెం కోసం, ఆ ఒక్క రూలు కోసం పుట్టింది. రూలులోని ప్రతి సందునీ వాడుకుంది. గాలి గట్టిగా వీస్తే భయపెట్టేది, మామూలు మనిషికి ఎందుకూ కొరగాదు. రూలు మారింది, దానితో పాటు అదీ పోయింది.

అన్నిటికంటే నాకు నచ్చిన విషయం, ఆ రూలు మార్చింది కూడా నాటే. ఇట్లాంటి విపరీతపు పడవలు ఇక పుట్టకుండా ఏం చేయాలని క్లబ్బు సలహా అడిగితే, పొడవు, తెరచాపలతో పాటు పడవ ఎంత నీటిని తోస్తుందో దాన్ని, అంటే దాని బరువుని కూడా లెక్కలోకి తెచ్చే కొత్త సూత్రం రాసిచ్చాడు. యూనివర్సల్ రూల్ అంటారు. మరీ పలచగా, ప్రమాదంగా కడితే ఈ సూత్రంలో లాభం లేదు. పాత రూలులో సందులు వెతికి అందరికంటే ఎక్కువ గెలిచిన మనిషే ఆ సందులు మూసేశాడు. ఇంటర్నల్ మార్కుల దగ్గర మనలో ఎవరైనా ఆ పని చేస్తామా? 1930లో లిప్టన్ తెచ్చిన ఐదో షామ్‌రాక్ ఈ సూత్రం ప్రకారం కట్టిందే. ఆ పడవ ఇప్పటికీ బతికే ఉంది.

1914లో నాట్‌కి అరవై ఆరేళ్ళు. రిజల్యూట్ లాంటి పెద్ద పడవ పని నడుస్తున్న సమయంలోనే ఒక చిన్న పని వచ్చింది. బజర్డ్స్ బే అనే సముద్రపు పాయలో గాలి జోరెక్కువ, అలలు పొట్టిగా నిటారుగా లేస్తాయి. అక్కడ పిల్లలు పడవ నడపడం నేర్చుకోవడానికి ఒకటి కావాలి. మునగకూడదు, భయపెట్టకూడదు, అట్లా అని మొద్దుగా కూడా ఉండకూడదు. నాట్ మళ్ళీ చాకు తీశాడు. నీటి గీత దగ్గర పన్నెండున్నర అడుగులు, మొత్తం సుమారు పదహారు అడుగులు ఉండే చిన్న పడవ చెక్కాడు. అడుగున మూడు వందల కిలోలకు పైగా సీసం. ఎంత ఒరిగినా లేచి నిలబడుతుంది. కొలతే పేరైంది, హెరెషాఫ్ ట్వెల్వ్ అండ్ హాఫ్.

1943 దాకా వాళ్ళ వర్క్‌షాపులోనే ఇవి మూడు వందల యాభైకి పైగా కట్టారు. నూరేళ్ళు దాటింది. తాత నేర్చుకున్న పడవ మీద మనవరాలు నేర్చుకుంటోంది. చెక్కవి పాడైతే పలక మార్చి మళ్ళీ నీళ్ళలో దింపుతారు. ఫైబర్‌గ్లాస్‌లో నకళ్ళు కూడా వచ్చాయి. 1905లో ఆయన చేసిన న్యూయార్క్ థర్టీ పడవలు మొత్తం పద్దెనిమిది. వాటిలో కొన్ని ఇప్పటికీ పందేలాడుతున్నాయి. అదే కప్పు గెలిచిన విజిలెంట్, డిఫెండర్, కొలంబియా, రిలయన్స్, రిజల్యూట్‌లలో ఒక్కటీ మిగల్లేదు.

అసలు నన్ను రాత్రంతా కూర్చోబెట్టిన ప్రశ్న ఇదే. సెయింట్ ట్రోపే, ఆంటిగ్వా లాంటి చోట్ల ఏటా పాత రేసు పడవల పందేలు జరుగుతాయి. ఈ కాలపు కప్పు పడవలు నీటికి పైన రెక్కల మీద ఎగురుతున్నాయి, వేగంలో పాతవి వాటి దరిదాపుల్లో కూడా లేవు. అయినా జనం ఆ పాత పడవల్నే చూడ్డానికి పోతారు, ఆస్తులమ్మి మరీ బాగు చేయించుకుంటారు. మొదట్లో ఇది డబ్బున్నోళ్ళ సరదా అనుకున్నా. డబ్బు నిజమే. కానీ డబ్బొక్కటే అయితే రిలయన్స్‌ని ఎవరూ విరగ్గొట్టేవాళ్ళు కాదు. నాకు తోచింది ఏంటంటే, ఆ పడవల్లో మిగిలినవి మనిషి ఒంటికి సరిపోయినవి. వంపు చేతికి నచ్చేదాకా చెక్కినవి. పాడైతే మళ్ళీ చేతులతో బాగు చేసుకోగలిగినవి. గెలవడానికి మాత్రమే పుట్టింది గెలవగానే అయిపోయింది. ఒకరికి పనికి రావాలని పుట్టింది, ఆ ఒకరు పోయినా ఇంకొకరికి పనికొస్తూనే ఉంది.

1915లో జాన్ చనిపోయాడు. అన్న లేని కంపెనీని నాట్ ఎక్కువకాలం చేతిలో ఉంచుకోలేదు, బయటి పెట్టుబడిదార్ల పాలైంది. 1920లో డెబ్భై రెండేళ్ళ వయసులో ఆయన ఆఖరి కప్పు పోటీ. యుద్ధం వల్ల ఆరేళ్ళు ఆగిన పందెం. మొదటిరోజు రిజల్యూట్ ముందుండి కూడా తెరచాపని నిలిపే తాడు ఊడి తప్పుకుంది. రెండోదీ ఓడింది. లిప్టన్‌కి ఇంకొక్కటి చాలు. తర్వాతి మూడూ రిజల్యూట్ గెలిచింది. ఆ తర్వాత నాట్ పెద్ద పడవల జోలికి పెద్దగా పోలేదు. 1912లో తన కోసం కట్టుకున్న అలీరియన్ అనే చిన్న పడవలో చాలా ఏళ్ళు తిరిగాడు. అది కూడా ఉంది, మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియంలో. చెక్క పడవలో ఏ భాగం ఎంత మందం ఉండాలో చెప్పే నియమాలు రాసిపెట్టాడు. 1938 జూన్ 2న, తొంభై ఏళ్ళ వయసులో, పుట్టిన ఊళ్ళోనే పోయాడు. ఆయన చేతి మీదుగా వెళ్ళిన పడవలు, చిన్నవీ పెద్దవీ కలిపి, రెండు వేలకు పైనే. హాఫ్ మోడళ్ళు బ్రిస్టల్ మ్యూజియంలో గోడల నిండా ఉన్నాయి.

ఇదంతా చదివాక తాతకి చెప్పాను. అమెరికా, కప్పు, లిప్టన్ టీ, ఇవేవీ ఆయనకి పెద్దగా పట్టలేదు. గుడ్డి అన్న సంగతి దగ్గర మాత్రం ఆపి, ఆయన చెక్కని ఏ వేలితో చూసేవాడని అడిగాడు. నాకు తెలీదన్నాను. బొటనవేలే అయ్యుంటుందని ఆయనే తేల్చేశాడు. పలకని రుద్దాక కంటికి నున్నగా కనపడుతుందట, వేలికే గరుకు తగులుతుందట. నలభై ఏళ్ళ పనిలో నాకు చెప్పడానికి ఆయన దగ్గర ఇంత ఉందని నేనెప్పుడూ అడగలేదు. హాస్టల్లో ఎవరన్నా మీ ఇంట్లో ఏం చేస్తారని అడిగితే బిజినెస్ అని దాటేసేవాణ్ణి.

తెరచాప పడవ కట్టాలనేమీ నేను అనుకోవట్లేదు. మనకున్నది కంభం చెరువు, అదీ నీళ్ళుంటే. కానీ ఈసారి ఫెస్టుకి సాలిడ్‌వర్క్స్ తెరవకముందే ఒక వేపచెక్క దిమ్మె తీసుకున్నా. వేప చాలా గట్టి చెక్క, మొదటి వారమే చెయ్యి తెగింది. సగం పడవ చెక్కి, కొలతలు తీసి, రెండో పక్కని అదే అంకెలతో చేయాలని ప్లాను. సెలవులకి వచ్చినప్పుడల్లా తాత ఒళ్ళో పెడుతున్నా. ఇప్పటికి మూడుసార్లు వెనక్కిచ్చాడు.

టీమ్‌లో మిగతా ముగ్గురికీ అసలు విషయం చెప్పేశాను, తప్పు మోటారుది కాదు, నాదని.